పాత లెన్స్‌తో నీడలు, ఖాళీలు: నలుపు ఎందుకు బూడిదవుతోంది?

రాజాం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను: "మా నాన్నగారి జెనిట్ ఫిల్మ్ కెమెరాకి ఉన్న హీలియోస్ 44-2 లెన్స్‌ని అడాప్టర్ పెట్టి నా కానన్ 1500డి డిజిటల్ కెమెరాకి తగిలించాను. ఫ్రేమ్‌లో ఎక్కువ భాగం ఖాళీగా, నీడగా వదిలేసి, ఒక మూల మనిషినో వస్తువునో పెట్టి తీయాలని ఉంది. కానీ నీడలు నల్లగా రావడం లేదు. కడిగేసినట్టు బూడిద రంగులో వస్తున్నాయి. ఖాళీ వదిలితే ఏదో పెట్టడం మర్చిపోయినట్టు ఉంటోంది. లోపం లెన్స్‌దా, నాదా? కొత్త లెన్స్ కొనాలా?"

కొనకండి. కనీసం ఈ కారణానికైతే కొనకండి. ఆ బూడిద రంగు చాలావరకు మీ ఫ్రేమ్‌లో లేని వెలుగు వల్ల వస్తుంది. ఫొటోలో కనబడని ఆకాశం, పక్కింటి సున్నపు గోడ, మీ భుజం పక్కన తెరిచి ఉన్న తలుపు, వీటి వెలుగు ఏటవాలుగా లెన్స్‌లో దూరి, లోపల గాజుల మధ్య అటూ ఇటూ కొట్టుకుని, చివరికి మీ నీడ మీద పలచగా పరుచుకుంటుంది. హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం లాంటి అడ్డు) పెట్టండి, మీరు నీడలో నిలబడి తీయండి, ఎక్స్‌పోజర్ (ఫొటోకి ఎంత వెలుగు పట్టించాలన్న కొలత) వెలుగున్న భాగానికి పెట్టండి. ఈ మూడూ చేశాక కూడా నలుపు రాకపోతే అప్పుడు లెన్స్ లోపల ఏముందో చూడాలి. ఇక ఖాళీ సంగతి. మొదట నల్లటి ఖాళీతో మొదలుపెట్టండి, తెల్లటి ఖాళీ జోలికి తర్వాత వెళ్లండి. పాత లెన్స్‌కి నలుపు చుట్టం, తెలుపు పరీక్ష.

ఇప్పుడు కారణాలు. నేను విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక స్టూడియోలో 1991లో అసిస్టెంట్‌గా చేరాను. మొదటి ఆరేళ్లు డార్క్ రూమ్‌లోనే గడిచాయి. తర్వాత పెళ్లిళ్లు, ఇప్పుడు సొంత స్టూడియో. కాబట్టి పుస్తకం చదివి చెబుతున్నవి కొన్ని, చెయ్యి కాల్చుకుని చెబుతున్నవి ఎక్కువ.

మీ హీలియోస్‌లో ఆరు గాజులు నాలుగు గుంపులుగా ఉంటాయి. అంటే గాలీ గాజూ కలిసే తలాలు ఎనిమిది. పూత లేని గాజు ఒక్కో తలం దగ్గర సుమారు 4 శాతం వెలుగును వెనక్కి కొడుతుంది. ఒక పొర పూత ఉంటే అది ఒకటిన్నర శాతం దరిదాపుల్లోకి దిగుతుంది. ఇప్పటి లెన్స్‌ల మీద ఉండే పలు పొరల పూతతో అర శాతం కంటే తక్కువే. మీ 44-2 ఒక పొర పూత కాలం నాటిది. వెనక్కి కొట్టిన వెలుగంతా బయటికి పోదు. కొంత మరో తలానికి తగిలి మళ్లీ ముందుకే వస్తుంది, బొమ్మ మీద ముసుగులా పడుతుంది.

ఆ ముసుగు వెలుగును ఏమీ చెయ్యదు, నీడను మాత్రం నాశనం చేస్తుంది. చిన్న లెక్క చూడండి. ఎండ పడిన గోడ నుంచి వచ్చే వెలుగు 1000 పాళ్లు అనుకుందాం. గుమ్మం లోపలి చీకటి 5 పాళ్లు. లెన్స్ లోపల కొట్టుకున్న వెలుగు అంతటా సమానంగా 10 పాళ్లు కలిపిందనుకోండి. గోడ 1010 అవుతుంది, ఎవరి కంటికీ తేడా తెలియదు. చీకటి 5 కాస్తా 15 అయింది, మూడింతలు. ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు కావడం, అంటే మీ నలుపు ఒకటిన్నర స్టాప్ పైకి లేచింది. మీరు చూస్తున్న బూడిద అదే. షార్ప్‌నెస్ తగ్గలేదు, ఫోకస్ తప్పలేదు, నలుపు మాత్రం పోయింది.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆ లెన్స్ పుట్టింది 36×24 మిల్లీమీటర్ల ఫిల్మ్ కోసం. మీ కెమెరా సెన్సర్ 22.3×14.9 మిల్లీమీటర్లు. లెన్స్ మాత్రం పాత కొలతకే వెలుగు చల్లుతుంది. సెన్సర్‌కి అక్కర్లేని ఆ మిగతా వెలుగు కెమెరా డబ్బా గోడలకూ, అడాప్టర్ లోపలి అంచుకూ తగిలి చెదురుతుంది. చవక అడాప్టర్‌ని ఒకసారి తిప్పి లోపలికి చూడండి, నల్ల రంగు వేసి ఉన్నా నిగనిగలాడుతుంటుంది. నేను నల్ల వెల్వెట్ కాగితం సన్నని పట్టీగా కోసి లోపల అతికించాను. కెమెరా లోపలి అద్దం కదలికకు అడ్డు రాకుండా, నూగు రాలి సెన్సర్ మీద పడకుండా చూసుకోవాలి. ఆ పట్టీ చేసిన తేడా ఒక ఫిల్టర్ కొన్నా రాదు.

ఫిల్టర్ అంటే గుర్తొచ్చింది. ముందు యూవీ ఫిల్టర్ ఉంటే నీడల ఫొటోలకి తీసేయండి. అదో రెండు తలాలు అదనం. షాపు వాళ్లు "లెన్స్‌కి రక్షణండీ" అని అంటగట్టే చవక ఫిల్టర్‌కి పూతే ఉండదు.

హుడ్ మాత్రం కొనండి. 44-2కి ముందు మర 49 మిల్లీమీటర్లు ఉంటుంది. రబ్బరు హుడ్ చాలు. మీ చిన్న సెన్సర్ మీద ఈ 58 మిల్లీమీటర్ల లెన్స్ సుమారు 93 లాగా ఇరుకుగా చూస్తుంది కాబట్టి, 85 లెన్స్‌కి సరిపోయే పొడుగు హుడ్ పెట్టినా మూలలు కోసుకుపోవు. 50 లెన్స్ హుడ్ పెట్టుకుని "హుడ్ పెట్టినా లాభం లేదు" అనేవాళ్లను చూశాను. హుడ్ ఎంత పొడుగైతే అంత మేలు, మూలలు నల్లబడనంత వరకు. ఏదీ దొరక్కపోతే నల్ల చార్ట్ పేపర్ చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. నేను ఇప్పటికీ అదే చేస్తాను, పెళ్లిళ్లలో తప్ప. పెళ్లిలో కాగితం గొట్టం పెట్టుకుని తిరిగితే ఆడపెళ్లివారు మనల్ని వేరేగా చూస్తారు.

ఇప్పుడే ఒక పరీక్ష చేయండి. లైవ్ వ్యూ (కెమెరా వెనక తెర మీదే దృశ్యం చూపించేది) పెట్టి, చీకటి గది గుమ్మాన్ని వీధిలోంచి చూడండి. రెండో చేతిని లెన్స్‌కి పైన, ఫ్రేమ్‌లోకి రాకుండా, టోపీ అంచులా పెట్టండి, తీసేయండి, మళ్లీ పెట్టండి. తెర మీద గుమ్మం నలుపు గుండెలా కొట్టుకోవడం కనిపిస్తుంది. చెయ్యి ఉన్నప్పుడు నలుపు, తీస్తే బూడిద. ఏ దిక్కున చెయ్యి పెడితే నలుపు దిగుతోందో, ఆ దిక్కు నుంచే దొంగ వెలుగు వస్తోందన్నమాట.

లెన్స్ లోపలి సంగతి కూడా చెప్పేస్తాను. మనది సముద్రపు గాలి. విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాల్లోనూ వానాకాలంలో బీరువాలో పెట్టిన పట్టుచీరకే బూజు వాసన వస్తుంది, లెన్స్ ఎంత? అపెర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి కొంచెం పక్కగా చూడండి. సాలెగూడులాంటి సన్నని దారాలు కనిపిస్తే ఫంగస్. గాజంతా ఊపిరి ఊదినట్టు మసగ్గా ఉంటే హేజ్. దుమ్ము రేణువులు నాలుగు కనిపిస్తే వదిలేయండి, వాటితో ఏ నష్టమూ లేదు. కానీ హేజ్ ఉంటే మాత్రం హుడ్డూ, చెయ్యీ, నీడా ఏవీ పూర్తిగా కాపాడలేవు, లెన్స్ విప్పి తుడవాల్సిందే. స్క్రూడ్రైవర్ తీసుకుని మీరు మొదలుపెట్టకండి. నా దగ్గర ఒక మంచి 135 మిల్లీమీటర్ల లెన్స్ ఉండేది. దాని తోలు కేసులోనే పెట్టి, రెండు వానాకాలాలు బీరువాలో ఉంచాను. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది. తీసి చూస్తే ముందు గాజు వెనక చెట్టు మొలిచినట్టు ఫంగస్. నేనే విప్పాను. మళ్లీ బిగించాక అది దూరాన్ని ఎప్పుడూ సరిగా పట్టలేదు. ఇప్పుడు లెన్స్‌లన్నీ గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్‌తో ఉంటాయి, లోపల తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. మరీ ఎండగొడితే లోపలి గ్రీజు గట్టిపడుతుంది.

ఎక్స్‌పోజర్ దగ్గరికి వద్దాం. మీరు బహుశా ఏవీ మోడ్‌లో, అంటే షట్టర్ వేగాన్ని కెమెరాయే తేల్చే పద్ధతిలో, తీస్తున్నారు. ఫ్రేమ్‌లో ముప్పావు వంతు నీడ ఉంటే కెమెరా ఏమనుకుంటుంది? "అయ్యో చీకటిగా ఉంది" అని షట్టర్‌ని నెమ్మది చేసి నీడనంతా మధ్యరకం బూడిదకు లాగుతుంది. దాని లెక్క అదే, నలుపు నలుపుగానే కావాలని దానికి తెలియదు. కాబట్టి అన్నీ మనమే పెట్టుకునే ఎం మోడ్‌కి వెళ్లండి. తెర మీద అపెర్చర్ దగ్గర 00 అని కనిపిస్తుంది, కంగారు పడకండి, లెన్స్‌కీ కెమెరాకీ మాట కలవదు అంతే. వెలుగు పడిన భాగాన్ని, అంటే చెంపనో, పంచె అంచునో, గోడ ముక్కనో, చూసుకుని షట్టర్ పెట్టండి. తీసిన ఫొటోని వివరాల తెరలో చూస్తే కాలిపోయిన భాగాలు మిణుకుమంటాయి. ఆ మిణుకు ఆగేదాకా షట్టర్ వేగం పెంచండి. నీడ ఎక్కడికి పోతే అక్కడికి పోనివ్వండి.

ఆ లెన్స్‌కి రెండు రింగులు ఉంటాయి కదా. ఒకటి అపెర్చర్ ఎంతవరకు మూయాలో ముందే కట్టడి చేసేది, రెండోది నిజంగా మూసేది. ఎఫ్ 5.6 దగ్గర కట్టడి చేసుకుని, తెరిచి ఫోకస్ చేసి, మూసి తీయండి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. నీడల ఫొటోలకి నేను ఎఫ్ 4 నుంచి 8 మధ్యే ఉంటాను. పూర్తిగా తెరిస్తే ఎఫ్ 2 దగ్గర ఈ లెన్స్ మెరుపులు చెదిరి నీడలోకి కారతాయి. అందరూ మోజుపడే ఆ సుడి తిరిగే వెనకభాగం కూడా అక్కడే వస్తుంది. మనకి కావలసింది ప్రశాంతమైన ఖాళీ అయినప్పుడు సుడి ఎందుకు? అలాగని 16 దాకా మూసేయకండి. సెన్సర్ అద్దంలా మెరిసే వస్తువు. చిన్న అపెర్చర్ దగ్గర దాని మెరుపు వెనక గాజుకి తగిలి తిరిగొచ్చి, ఫొటో మధ్యలో తెల్లటి మచ్చలా కూర్చుంటుంది. ఫిల్మ్ రోజుల్లో ఈ బాధ ఇంతగా లేదు.

నికాన్ డీఎస్ఎల్ఆర్ వాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. ఈ ఎం42 (బిగించే మర రకం పేరు) లెన్స్ ఫిల్మ్‌కి 45.46 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలని కట్టింది, మీ కెమెరా దూరం 46.5. అందుకని మామూలు అడాప్టర్‌తో దూరం వస్తువులు ఫోకస్ కావు. గాజున్న అడాప్టర్ పెడితే అవుతాయి గానీ ఆ గాజు నీడల్ని ఇంకా కడిగేస్తుంది. నీడల కోసం పాత లెన్స్ వాడాలనుకుంటే మీ కెమెరాకి నికాన్ వాళ్ల పాత నిక్కర్ లెన్సే మంచిది. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల వాళ్లకి ఈ గొడవ లేదు. లెన్స్ లేకుండా షట్టర్ నొక్కనిచ్చే సెట్టింగ్ ఆన్ చేసుకుంటే చాలు.

ఇక నీడ, ఖాళీ. ఇక్కడ లెన్స్ కంటే స్థలం, వేళ ముఖ్యం.

మన జిల్లాలు సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి. మే రెండో వారంలో ఒకసారి, జులై ఆఖరున ఒకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నీడ కాళ్ల కిందే ముడుచుకుపోతుంది. ఆ రోజుల్లో పది నుంచి మూడు దాకా కెమెరా ఇంట్లో పెట్టి పడుకోండి. డిసెంబర్‌లో మాత్రం మధ్యాహ్నం పన్నెండుకి కూడా సూర్యుడు 48 డిగ్రీల పైకి పోడు. అంటే నడిమధ్యాహ్నం కూడా మనిషి నీడ దాదాపు మనిషంత ఉంటుంది. సూర్యుడు 15 డిగ్రీల మీద ఉంటే నీడ ఎత్తుకి మూడున్నర రెట్లు దాటుతుంది. శీతాకాలం పొద్దుపొడిచిన గంటంబావుకి అంతే ఎత్తు. శాలిహుండం కొండ మీద ఆ వేళకి వెళ్లి చూడండి. ఇటుక స్తూపాల మోకాలెత్తు గోడలు కూడా నేల మీద గజాల పొడవున నల్లటి చాపలు పరిచి ఉంటాయి. పది దాటితే అవే ఇటుకలు, అదే కొండ, ఫొటో ఉండదు.

మనది తూర్పు తీరం. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలామంది తప్పు చేసేది ఇక్కడే. కళింగపట్నంలో సముద్రం వైపు తిరిగితే ఉదయం సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పడవల నీడలు మీ వైపు వస్తాయి. సాయంత్రం సూర్యుడు మీ వెనక ఊరి వైపు ఉంటాడు, నీడలు సముద్రంలోకి పోతాయి. నెట్‌లో పడమటి తీరం ఫొటోలు చూసి సాయంత్రం బీచ్‌కి పోతే దొరికేది మీ సొంత నీడే.

ఆ ఉదయపు ఎదురు వెలుగే పాత లెన్స్‌కి గండం. ఒక డిసెంబర్‌లో కళింగపట్నంలో పడవ దగ్గర వల బాగుచేసుకుంటున్న పెద్దాయన్ని తీయబోయాను. సూర్యుడు ఫ్రేమ్ పైన, కొంచెం బయట. పన్నెండు ఫొటోలు, పన్నెండూ పాలల్లో ముంచినట్టు. ఆయన నా అవస్థ చూసి, "ఏటి బాబూ, ఎండలో నిలబడి నీడ కోసం ఎతుకుతావు, ఇటొచ్చి కూకో" అన్నాడు. పడవ నీడలో, ఆయన పక్కన ఇసకలో కూర్చుని తీశాను. సూర్యుడు పడవ కొమ్ము వెనక్కి పోయాడు, లెన్స్ మీద ఎండ లేదు. కుడి మూల ఆయన చేతులు, వల అంచు మీద వెలుగు గీత, మిగతా ఫ్రేమంతా పడవ పక్క నలుపు. అదే లెన్స్, అదే నిమిషం. ఆ రోజు నుంచి నేను ఫ్రేమ్ చూసే ముందు ఫ్రేమ్ బయట ఏముందో చూస్తాను.

నల్లటి ఖాళీకి నా లెక్కలో మన దగ్గర పొందూరుని మించిన చోటు లేదు. ఖాదీ వడికే పెద్దావిడ ఇల్లు. ఒకే కిటికీ. ఆవిడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది, ఒళ్లో తెల్లటి దూది. వెనక గోడకి క్యాలెండరు, ప్లాస్టిక్ బిందె, మనవడి స్కూలు బ్యాగు, గ్యాస్ బండ. వాటిని జరపమని అడగడం నాకు ఇష్టం ఉండదు, వాళ్ల ఇల్లది. దూది మీద వెలుగు కాలిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టేసరికి బిందె, బ్యాగు, బండ అన్నీ చీకట్లోకి వెళ్లిపోయాయి. చీకటి ఇల్లు సర్దింది. కానీ మొదటి రెండు ఫొటోల్లో ఆ చీకటి బూడిదగానే వచ్చింది. ఎందుకా అని చూస్తే నా వెనక వీధి తలుపు తెరిచి ఉంది. అది నా చొక్కా మీద పడుతోంది, తెల్ల చొక్కా. తలుపు దగ్గరగా వేసి, నల్ల శాలువా కప్పుకున్నాను. నలుపు దిగింది. నీడల ఫొటోలకి వెళ్లేటప్పుడు ముదురు రంగు చొక్కా వేసుకోండి, నవ్వులాట కాదు.

తెల్లటి ఖాళీ ఎందుకు పరీక్షో నౌపడా ఉప్పు మళ్లు నేర్పాయి. చుట్టూ తెలుపు, పైన తెల్లబారిన ఆకాశం, మధ్యలో నల్ల గొడుగు పట్టుకుని నడుస్తున్న ఒక మనిషి. ఇంతకంటే తేలికైన ఫొటో ఉంటుందా అనుకున్నాను. గొడుగు బూడిదగా వచ్చింది. హుడ్ ఉంది, సూర్యుడు వెనక ఉన్నాడు, దొంగ వెలుగు ఎక్కడిది? ఫ్రేమ్‌లోపలిదే. తెల్లటి ఖాళీ తానే ఒక పెద్ద దీపం. ఫ్రేమ్‌లో తొంభై శాతం తెలుపు ఉంటే, ఆ తెలుపే లెన్స్‌లో కొట్టుకుని మధ్యలోని చిన్న నలుపుని తినేస్తుంది. హుడ్ దీన్ని ఆపలేదు. రెండే దారులు. నల్ల వస్తువుని ఫ్రేమ్‌లో కొంచెం పెద్దది చేయండి, లేదా ఆ మెత్తదనాన్ని ఒప్పుకుని దానికి తగిన వేళ ఎంచుకోండి. నేను తర్వాత మంచు పట్టిన తెల్లవారుజామున వెళ్లాను. మంచులో గొడుగు బూడిదగా ఉంటే తప్పుగా కనిపించదు, దూరంగా ఉందనిపిస్తుంది. ఆ ఫొటో మా స్టూడియోలో ఇప్పటికీ ఉంది. అక్కడ కూడా కెమెరా మాట వినకండి. తెలుపుని బూడిద చేయాలని చూస్తుంది. అది చెప్పిన దానికంటే ఒక స్టాప్ పైన, ఒక్కోసారి ఒకటిన్నర ఎక్కువ ఇవ్వండి.

"ఖాళీ వదిలితే ఏదో మర్చిపోయినట్టు ఉంటోంది" అన్నారు. మీరు పంపిన వివరం బట్టి నా అనుమానం, మీరు ముందు మనిషిని పెట్టి, మిగిలింది ఖాళీ అనుకుంటున్నారు. నేను తిరగేసి చేస్తాను. ముందు ఖాళీని ఎంచుకుని, తర్వాత మనిషి కోసం కాచుకుంటాను. విజయనగరం కోట గోడ మీద సాయంత్రం చెట్టు నీడ పడి, పక్కన ఒక పలక ఎండ మిగిలే చోటు ఒకటుంది. ఆ నీడ అంచు ఎక్కడ పడాలి, ఎండ పలక ఏ మూలకి రావాలి అన్నది తేల్చుకుని, ఎక్స్‌పోజర్ పెట్టుకుని, ఫోకస్ గోడ ముందు ఒక అడుగు దూరానికి కట్టేసి నిలబడతాను. సైకిల్ మీద ఎవరో వస్తారు. ఒక్కోసారి ఎవరూ రారు, టీ తాగి ఇంటికి పోతాను. చేత్తో ఫోకస్ చేసే లెన్స్‌కి ఈ పద్ధతే సరైనది, కదిలేవాళ్ల వెంట రింగు తిప్పుతూ పరుగెత్తలేం.

ఖాళీకి అంచు ఉండాలి. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కంటికి తెలియాలి. గోడ మీద ఎండ గీత, నీటి గట్టు, దండెం తాడు, ఏదో ఒకటి. అంచు లేని ఖాళీ మర్చిపోయినట్టే ఉంటుంది. ఖాళీలో చిన్న మెరుపు కూడా ఉండకూడదు. నల్లటి భాగంలో ఎక్కడో స్టీలు గ్లాసు మెరిస్తే కన్ను నేరుగా దాని మీదికే పోతుంది, మీ మనిషి మీదికి కాదు. కళ్లు సగం మూసి ఫ్రేమ్‌ని చూడండి. అప్పుడు కనిపించే మచ్చలే ఫొటో. మనిషి ఖాళీ వైపు చూడాలని అందరూ చెబుతారు, చాలాసార్లు అది నిజమే. కానీ ఖాళీకి వీపు పెట్టి పోతున్న మనిషి కూడా బాగుంటాడు, ఊరొదిలి పోతున్నట్టు.

కెమెరాలో పిక్చర్ స్టైల్ మోనోక్రోమ్ పెట్టి, రా (సెన్సర్ పట్టినదంతా అలాగే దాచే ఫైల్) ప్లస్ జేపెగ్ తీయండి. తెర మీద నలుపు తెలుపులో కనిపిస్తుంది, రంగు రా ఫైల్‌లో భద్రంగా ఉంటుంది. రంగు పక్కకి పోతే నీడల ఆకారాలు ఇట్టే తెలుస్తాయి. రా తప్పనిసరి. జేపెగ్‌లో సాదా ఆకాశాన్నో గోడనో కొంచెం ముదురు చేసేసరికి మెట్లు మెట్లుగా పట్టీలు పడతాయి. సాదా ఖాళీ దుమ్మునీ దాచదు. సెన్సర్ మీద మచ్చలుంటే ఎఫ్ 8 దాటాక ఆకాశంలో చీమల్లా కనిపిస్తాయి. బీచ్‌లో లెన్స్ మార్చకండి, ఆటోలోనో కారులోనో అద్దాలు ఎక్కించి మార్చండి.

తర్వాత కంప్యూటర్‌లో చేసేది తక్కువే. లెవెల్స్‌లో బ్లాక్ పాయింట్‌ని (నలుపు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే గుర్తుని) కొంచెం కుడికి జరిపి, అతి ముదురు భాగం ఒక్కటి నిజమైన నలుపుకి దిగేలా చూడండి. అంతటినీ తారు పూసినట్టు చేయకండి. డార్క్ రూమ్‌లో మా గురువుగారు ప్రింటు మీద అట్టముక్క ఆడిస్తూ అంచులకి మాత్రం ఇంకో నాలుగు సెకన్లు వెలుగు పట్టించేవారు, ఖాళీ మెల్లగా బయటికి చిక్కబడేది. ఇప్పుడు అదే పని మాస్క్‌తో ఒక నిమిషంలో అవుతుంది. మసక పోగొట్టే డీహేజ్ స్లైడర్ మీద మాత్రం ఆధారపడకండి. లెన్స్‌లో కలిసిన పాలని అది సగమే విరుస్తుంది, నీడలో గరుకు పుట్టిస్తుంది. లెన్స్ ముందు చెయ్యి పెట్టడం దానికంటే చవక.

ఒక హెచ్చరిక. ఇలాంటి ఫొటోలు డబ్బు తీసుకున్న పెళ్లిలో తీసేముందు అడగండి. చాలా ఏళ్ల కిందట ఒక పెళ్లికూతుర్ని దీపం పక్కన, ముఖం సగం నీడలో ఉంచి తీశాను. నా జీవితంలో తీసిన మంచి ఫొటోల్లో అదొకటి. ఆల్బమ్ చూసిన వాళ్ల మేనమామ, "సగం ముఖమే తీశారు, మరి డబ్బులూ సగమేనా?" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ ఆ పేజీ మార్చి ఫ్లాష్ ఫొటో పెట్టి ఇవ్వాల్సి వచ్చింది.

మీరు ఇప్పుడు చేయాల్సింది: ఒకే గుమ్మాన్ని, ఒకే ఎక్స్‌పోజర్‌తో, హుడ్ లేకుండా ఒకటి, హుడ్ పెట్టి పైన చెయ్యి కూడా అడ్డం పెట్టి ఒకటి తీయండి. వాటితోపాటు లెన్స్‌లోకి టార్చ్ వేసి ఫోన్‌తో తీసిన ఫొటో కూడా ఇక్కడే పెట్టండి. రెండో దాంట్లో నలుపు బాగా దిగితే మీ లెన్స్ బాగున్నట్టు. దిగకపోతే ఆ మూడో ఫొటో చూసి, విప్పించాలో వద్దో చెబుతాను.